జీతమా, వాటానా: బ్రిటన్ కుటుంబ వైద్యుల మనసు ఎందుకు మారింది?

1948 ఫిబ్రవరిలో బ్రిటిష్ వైద్య సంఘం దేశంలోని డాక్టర్ల మధ్య ఓటింగు జరిపింది. ఆ ఏడాది జులై 5న మొదలుకావలసిన జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) చట్టాన్ని, అప్పటికి ఉన్న రూపంలో, మీరు ఆమోదిస్తారా అన్నది అందులోని ప్రధాన ప్రశ్న. 40 వేల మందికి పైగా ఆమోదించబోమన్నారు. ఆమోదిస్తామన్నవారు 5 వేల మంది కూడా లేరు. వారికి అభ్యంతరాలు అనేకం ఉన్నాయి కానీ, కుటుంబ వైద్యుల గుండెల్లో గుబులు రేపినది మాత్రం జీతం అన్న మాట. ప్రతి కుటుంబ వైద్యుడికీ ఏటా 300 పౌండ్లు స్థిరంగా ఇచ్చి, మిగిలిన ఆదాయాన్ని ఆయన దగ్గర పేరు నమోదు చేసుకున్న రోగుల సంఖ్యను బట్టి లెక్కగట్టాలని ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ ప్రతిపాదించారు. ఆ 300 పౌండ్లే డాక్టర్లకు ఎరలాగా కనిపించాయి. ఇవాళ కొంత జీతం ఇచ్చిన సర్కారు రేపు మొత్తాన్నీ జీతం చేస్తుందని, ఆ వెనకే పై అధికారులూ ఆజ్ఞలూ బదిలీలూ వస్తాయని వారు భయపడ్డారు. చివరకు బెవనే ఒక మెట్టు దిగారు. పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేయకుండా పూర్తికాలపు జీతపు కొలువును తీసుకురాబోమని ఏప్రిల్‌లో హామీ ఇచ్చారు; 1949 నాటి సవరణ చట్టం ఆ హామీకి ముద్ర వేసింది.

ఇప్పుడు అదే దేశంలో గాలి ఎదురు తిరిగింది. ఇంగ్లండ్‌లో సొంత ప్రాక్టీసులో వాటా ఉన్న కుటుంబ వైద్యుల సంఖ్య 2015 తరువాతి పదేళ్లలో దాదాపు నాలుగో వంతు తగ్గింది, జీతానికి పనిచేసేవారి సంఖ్య ఏటా పెరుగుతూ వచ్చింది. తాతలు వద్దని పోరాడినదాన్నే మనవలు కోరి తెచ్చుకుంటున్నారని, కొత్త తరానికి బాధ్యత అంటే భయమని, వారికి పని కంటే సెలవులే ముఖ్యమని ఒక వ్యాఖ్య తరచుగా వినిపిస్తుంది. ఈ వ్యాఖ్య తప్పని నా నమ్మకం. డాక్టర్ల స్వభావం ఈ 75 ఏళ్లలో అంతగా మారలేదు. సొంత ప్రాక్టీసుతో పాటు వచ్చే బరువును ఎవరు మోస్తున్నారన్న లెక్క మాత్రం మూడు నాలుగు సార్లు తలకిందులైంది. ఆ లెక్క మారిన ప్రతిసారీ డాక్టర్ల ఇష్టం కూడా దాని వెంటే నడిచింది.

ముందుగా ఒక మాట దగ్గర మనం జాగ్రత్తపడాలి. మన ఊళ్లలో ప్రైవేటు ప్రాక్టీసు అంటే రోగి జేబులోంచి ఫీజు ఇచ్చి చూపించుకునే క్లినిక్. సర్కారు కొలువు అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. బ్రిటన్‌లో ఈ గీత ఇక్కడ పడదు. అక్కడ జీపీ అని పిలిచే కుటుంబ వైద్యుడు సొంత ప్రాక్టీసు నడిపినా, జీతానికి పనిచేసినా, రోగి ఒక్క పెన్నీ ఫీజు ఇవ్వనవసరం లేదు. డబ్బంతా ప్రభుత్వ ఖజానా నుంచే వస్తుంది. తేడా అంతా ఆ డబ్బు డాక్టరును చేరే దారిలో ఉంది. వాటా ఉన్న డాక్టరును పార్ట్‌నర్ అంటారు. ఆయన సర్కారు ఉద్యోగి కాదు. ఇద్దరు ముగ్గురు, లేదా పదిమంది పార్ట్‌నర్లు కలిసి ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒక కాంట్రాక్టు రాసుకుంటారు. తమ దగ్గర నమోదైన ఒక్కొక్క రోగికి ఏడాదికి ఇంత అని వారికి ముడుతుంది. దానిలోంచి నర్సుల జీతాలు, రిసెప్షనిస్టుల జీతాలు, కరెంటు బిల్లు, కంప్యూటర్ల ఖర్చు, ఫోన్ల ఖర్చు పోగా మిగిలినదే పార్ట్‌నర్ల ఆదాయం. ఇక శాలరీడ్ జీపీ అదే భవనంలో, అదే రోగులను చూస్తూ, ఆ పార్ట్‌నర్ల దగ్గరే నెలజీతం తీసుకునే డాక్టరు. అంటే జీతం ఇచ్చేది చాలా చోట్ల సర్కారు కాదు, సాటి డాక్టరే. ఈ ఒక్క సంగతి మరిచిపోతే తరువాతి కథ అర్థం కాదు.

1948లో జీతం అంటే అంత విముఖత ఎందుకన్నది తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. 19వ శతాబ్దం చివరికి బ్రిటన్‌లో కార్మికులు తమలో తాము చందాలు వేసుకుని సహాయ సంఘాలు పెట్టుకున్నారు. జబ్బు చేసినవారిని చూడటానికి ఆ సంఘాలు డాక్టర్లను కుదుర్చుకునేవి. తలకు ఏడాదికి కొన్ని షిల్లింగుల లెక్కన, ఎవరు తక్కువకు వస్తే వారికి. మందు గురించి తెలియని సంఘం పెద్దలు డాక్టరును పిలిచి సంజాయిషీ అడగగలిగేవారు, వద్దనుకుంటే తీసేయగలిగేవారు. అన్ని సంఘాలూ అలాంటివి కావు. బెవన్ సొంత ఊరు, దక్షిణ వేల్స్‌లోని ట్రెడీగర్‌లో గనికార్మికులు తమ కూలి డబ్బులోంచి వారం వారం కొంత తీసి పెట్టి, డాక్టర్లకు జీతం ఇచ్చి, ఊరందరికీ వైద్యం అందించారు. ఎన్‌హెచ్‌ఎస్ ఆలోచనకు ఆ సంఘమే ఒక మూలం. అయినా వైద్యవృత్తి జ్ఞాపకంలో జీతం అంటే చౌకబేరం, పరాధీనత అన్న ముద్రే పడిపోయింది. 1911 జాతీయ బీమా చట్టం కింద 1913లో కార్మికులకు వైద్యం మొదలైనప్పుడు డాక్టర్లు పట్టుబట్టి సాధించుకున్న ముఖ్యమైన సంగతుల్లో ఒకటి, ఆ సంఘాల అదుపులోంచి బయటపడటమే.

అప్పట్లో సొంత ప్రాక్టీసు నిజంగానే సొంతం. చదువు ముగించిన యువ డాక్టరు అప్పు చేసి, పాత డాక్టరు దగ్గర ప్రాక్టీసును, అంటే ఆ పేరును, వచ్చే రోగులను కలిపి గుడ్‌విల్ అనే విలువ కట్టి కొనుక్కునేవాడు. పాతికేళ్లు పనిచేసి, ముసలితనంలో దాన్ని ఇంకొకరికి అమ్ముకుంటే అదే ఆయన పింఛను. ఎన్‌హెచ్‌ఎస్ రాగానే ఈ అమ్మకాన్ని నిషేధించారు. అప్పటికే కొనుక్కున్నవారికి పరిహారంగా 6.6 కోట్ల పౌండ్లు కేటాయించారు. ఆ నిషేధం సరైనదేనని నేను అనుకుంటాను. రోగుల జాబితాను కొనడం, అమ్మడం ప్రజా వైద్యంలో పొసగని పని. కానీ దానితో పార్ట్‌నర్ స్థితి విచిత్రంగా మారింది. పేరుకు యజమాని, అమ్ముకోవడానికి మాత్రం ఏమీ లేదు. ఆస్తి పోయి ఖర్చులు మాత్రం మిగిలాయి.

ఆ ఖర్చుల సంగతి బయటపడటానికి ఎంతో కాలం పట్టలేదు. తలకు ఇంత అని వచ్చే డబ్బులో నర్సును పెట్టుకున్నా, మంచి గది కట్టినా ఆ మేరకు సొంత ఆదాయమే తగ్గుతుంది. అందువల్ల ఏమీ చేయనివాడే ఎక్కువ మిగుల్చుకునేవాడు. చాలా చోట్ల డాక్టరు ఇంటి ముందుగదే క్లినిక్, భార్యే జీతంలేని రిసెప్షనిస్టు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది ఆమె, పేరూ చిరునామా రాసుకునేది ఆమె, ఏ కేసు ఆగగలదో ఏది ఆగలేదో మొదట అంచనా వేసేది కూడా ఆమే. బ్రిటన్ కుటుంబ వైద్య చరిత్రలో లెక్కలకు ఎక్కని శ్రమ ఏదైనా ఉందంటే అది వీరిదే. 1965 నాటికి డాక్టర్లు విసిగిపోయారు. సుమారు 18 వేల మంది తేదీ వేయని రాజీనామా పత్రాలు సంతకం చేసి బ్రిటిష్ వైద్య సంఘం చేతిలో పెట్టారు. ఫలితంగా 1966లో కొత్త ఒప్పందం వచ్చింది. సిబ్బంది జీతాల్లో 70 శాతం ప్రభుత్వమే తిరిగి చెల్లించింది, భవనానికి అద్దె ఇచ్చింది, క్లినిక్ కట్టుకోవడానికి అప్పు దొరికే ఏర్పాటు చేసింది.

ఈ ఒప్పందాన్ని నేను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పార్ట్‌నర్ కావాలని యువ డాక్టర్లు పోటీపడిన కాలం సరిగ్గా దీని తరువాతిదే. కొత్త సర్జరీలు, అంటే మన భాషలో క్లినిక్‌లు, లేచాయి, నర్సులు వచ్చారు, పక్కనే గ్రూపు ప్రాక్టీసు పెరిగింది. 1980లలో మంచి ప్రాక్టీసులో ఒక వాటా ఖాళీ అయితే పదుల సంఖ్యలో దరఖాస్తులు వచ్చేవని పాత తరం డాక్టర్లు చెబుతారు. స్వాతంత్ర్యం డాక్టరుది, ఖర్చులో పెద్ద భాగం సర్కారుది అన్నప్పుడు సొంత ప్రాక్టీసును ఎవరు కాదంటారు? ఆ రోజుల్లో కనిపించిన ఇష్టాన్ని వృత్తి సహజ గుణంగా లెక్కవేసి, ఇప్పుడు కనిపించని ఇష్టాన్ని తరం లోపంగా లెక్కవేయడం న్యాయం కాదు.

మలుపు 2004లో వచ్చింది. ఆ ఏడాది అమలులోకి వచ్చిన కాంట్రాక్టు రెండు పనులు చేసింది. మొదటిది అందరికీ గుర్తుంది: సగటున ఏడాదికి 6 వేల పౌండ్లు వదులుకుంటే రాత్రిపూట, వారాంతాల్లో రోగుల బాధ్యత నుంచి తప్పుకోవచ్చన్నారు, అత్యధికులు తప్పుకున్నారు. రెండోది ఎక్కువమంది గమనించలేదు. అంతవరకు విడిగా తిరిగి వచ్చే సిబ్బంది ఖర్చును తలసరి మొత్తంలో కలిపేశారు. ఆ రోజు నుంచి కొత్తగా పెట్టుకున్న ప్రతి ఉద్యోగి జీతం మళ్లీ పార్ట్‌నర్ల ఆదాయంలోంచి తెగడం మొదలైంది.

మొదట్లో అది బాధ అనిపించలేదు, ఎందుకంటే అదే కాంట్రాక్టులో పనితీరుకు కొలమానాలు పెట్టి అదనపు చెల్లింపులు ఇచ్చారు, వాటితో ఆదాయం బాగా పెరిగింది. సరిగ్గా ఈ దశలోనే జీతపు డాక్టర్ల సంఖ్య పెరగడం మొదలైంది. కానీ అది వారు కోరుకున్నందువల్ల జరిగిందనుకోవడం పొరపాటు. ఒక పార్ట్‌నర్ రిటైరైతే, మిగిలినవారు ఆ ఖాళీలో ఇంకొక వాటాదారును తీసుకుంటే లాభం పంచుకోవాలి. జీతానికి ఒకరిని పెట్టుకుంటే పంచుకోనవసరం లేదు. 1997 ప్రాథమిక వైద్య చట్టం జీతపు నియామకాలకు దారి తెరిచింది, 2004 ఆదాయం అందుకు కారణం ఇచ్చింది. అప్పట్లో యువ డాక్టర్లు వాటా అడిగితే పెద్దలు జీతం చూపించారు. ఇది మనసులో నాటుకుపోయిన గాయం. పదేళ్ల తరువాత లాభం తగ్గి, బరువు పెరిగి, పెద్దలే రండి, వాటా తీసుకోండి అని పిలిచేసరికి, అప్పటికి జీతంతో బతుకు సర్దుకున్నవారు వద్దన్నారు. సర్వే ఫారం మీద పడే టిక్కు ఈ చరిత్రను చూపించదు. ఒక తరం ఇష్టంగా కనిపిస్తున్నది అంతకుముందు తరం తీసుకున్న నిర్ణయం కూడా కావచ్చు.

ఇంతకూ ఆ బరువు ఏమిటన్నది దగ్గరగా చూడాలి.

ఇంగ్లండ్‌లో ఒక సగటు ప్రాక్టీసులో సుమారు 10 వేల మంది రోగులు ఉంటారు. తలసరి మూల చెల్లింపు 2025-26లో ఏడాదికి 120 పౌండ్ల ప్రాంతంలో ఉంది. వయసు, జబ్బులను బట్టి ఒక సూత్రం దాన్ని కొంత హెచ్చుతగ్గులు చేస్తుంది. ఒక మనిషి ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చినా అదే మొత్తం. ఉదయం 8 గంటలకు ఫోన్ లైన్లు తెరుచుకుంటాయి, అరగంటలో ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోతాయి. పార్ట్‌నర్ పది నిమిషాలకు ఒకరి చొప్పున చూస్తూ, మధ్యలో రక్తపరీక్షల ఫలితాలు, ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరాలు, మందుల చీటీలు చక్కబెడతారు. ఇంతవరకు శాలరీడ్ జీపీ పని కూడా ఇదే. సాయంత్రం ఆరున్నర తరువాత దారులు వేరవుతాయి. పార్ట్‌నర్ బల్ల మీద ఇంకొక దొంతర ఉంటుంది: నెలాఖరు జీతాల పట్టిక, ప్రసవ సెలవు మీద వెళ్తున్న నర్సు స్థానంలో ఎవరన్న ప్రశ్న, చెడిపోయిన బాయిలరుకు మరమ్మతు అంచనా, తనిఖీ అధికారులు అడిగిన మంటల భద్రతా పత్రం, కటువుగా మాట్లాడారని రిసెప్షనిస్టు మీద వచ్చిన ఫిర్యాదు. డాక్టరు చదువులో వీటిలో ఒక్కటీ నేర్పరు.

పని ఎక్కువన్నది మాత్రమే అయితే చాలామంది భరిస్తారు. భయపెట్టేది అపరిమిత బాధ్యత. ఇప్పటికీ ఈ ప్రాక్టీసుల్లో ఎక్కువ భాగం 1890 నాటి భాగస్వామ్య చట్టం కింద నడుస్తున్నాయి. ప్రాక్టీసు అప్పు పడితే అది పార్ట్‌నర్ల సొంత అప్పే. అవసరమైతే ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు ఒక చిన్న పట్టణంలో నలుగురు పార్ట్‌నర్లు కలిసి 25 ఏళ్ల లీజు మీద సంతకం చేశారనుకుందాం. పదేళ్లకు ఒకరు రిటైరవుతారు. చోటు నిండదు. రెండో ఆయన ఆస్ట్రేలియా వెళ్తారు. మూడో ఆమెకు జబ్బు చేస్తుంది. మిగిలిన నాలుగో డాక్టరు ఒక్కరే కాంట్రాక్టును నెట్టుకురాలేరు. వదులుకుందామంటే సిబ్బంది అందరికీ తొలగింపు పరిహారం, లీజులో మిగిలిన ఏళ్ల అద్దె, బ్యాంకు అప్పు ఆ నాలుగో డాక్టరు ఒక్కరి మెడకే చుట్టుకుంటాయి. దీనికి అక్కడి డాక్టర్లలో ఒక పేరే ఉంది: చివరికి మిగిలిన పార్ట్‌నర్. ఈ స్థితి ఎవరికి పడుతుందో ముందుగా తెలియదు కాబట్టి, మూడో పార్ట్‌నర్ వెళ్లిపోతున్నారన్న మాట వినగానే నాలుగో ఆయన కూడా తలుపు వైపు చూస్తారు. పక్క ఊరి ప్రాక్టీసు మూతపడి 4 వేల మంది రోగులు ఒక్కసారిగా ఇటు వస్తే, ఆ భయం ఇక్కడికీ అంటుకుంటుంది. ఇంగ్లండ్‌లో 2015లో 7,500 పైన ఉన్న ప్రాక్టీసులు ఇప్పుడు 6,200 ప్రాంతానికి వచ్చాయి. కొన్ని పెద్దవాటిలో కలిసిపోయాయి, కొన్ని ఇలా మూతపడ్డాయి.

2024 అక్టోబరు బడ్జెట్ ఈ పార్ట్‌నర్ల వింత స్థితిని కళ్లకు కట్టింది. ఉద్యోగుల తరఫున యజమానులు కట్టే జాతీయ బీమా రేటును 2025 ఏప్రిల్ నుంచి 13.8 శాతం నుంచి 15 శాతానికి పెంచి, ఆ చెల్లింపు మొదలయ్యే జీతపు మెట్టును 9,100 పౌండ్ల నుంచి 5,000కు దించారు. ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రులకు ఈ అదనపు ఖర్చు ప్రభుత్వమే భర్తీ చేస్తుందన్నారు. కుటుంబ వైద్యుల ప్రాక్టీసులు ప్రైవేటు కాంట్రాక్టర్లు కాబట్టి వాటికి ఆ భర్తీ వర్తించదన్నారు. మరి చిన్న వ్యాపారాలకు ఇచ్చే మినహాయింపు వస్తుందా అంటే, వారి పని ఎక్కువ భాగం ప్రభుత్వ సేవే కాబట్టి అదీ రాదు. కష్టం వచ్చినప్పుడు సర్కారు మనిషి కాదు, సాయం అడిగినప్పుడు వ్యాపారి కాదు. తరువాత కాంట్రాక్టు మొత్తాన్ని పెంచారన్నది నిజమే. కానీ అప్పుడే శిక్షణ ముగించి, వాటా తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న డాక్టరు ఆ కొన్ని నెలల్లో నేర్చుకున్న పాఠం తుడిచిపెట్టుకుపోదు.

ఇక డబ్బు సంగతి. 2021-22లో ఇంగ్లండ్‌లో పార్ట్‌నర్ల సగటు ఆదాయం పన్నుకు ముందు సుమారు 1,53,400 పౌండ్లు, శాలరీడ్ జీపీలది సుమారు 68 వేలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, రెట్టింపు కంటే ఎక్కువ తేడా ఉన్నా వద్దంటున్నారే అని ఆశ్చర్యపడేవారున్నారు. ఆ అంకెలు గంటలకు సరిచేసినవి కావు. జీతపు డాక్టర్లలో ఎక్కువమంది వారంలో కొన్ని పూటలే పనిచేస్తారు, పార్ట్‌నర్లు చాలావరకు అంతకంటే ఎక్కువ. పైగా అది కోవిడ్ టీకాల చెల్లింపులు కలిసిన సంవత్సరం. అయినా తేడా పూర్తిగా మాయం కాదు. ఆ మిగిలిన తేడా వైద్యానికి ఇచ్చే ధర కాదు, అపాయాన్ని మోసినందుకు ఇచ్చే కూలి. లీజు, అప్పు, తొలగింపు పరిహారం వంటివి ఒక మనిషి నెత్తిన పెట్టి, దానికి ఏడాదికి ఇన్ని వేలు చాలా అని అడిగితే, చాలదని చెప్పే హక్కు ఆ మనిషికి ఉంది.

జీతం మాత్రం పూలపాన్పు కాదు. నమూనా కాంట్రాక్టు ప్రకారం వారానికి 37.5 గంటలు, అంటే 4 గంటల 10 నిమిషాల చొప్పున 9 పూటలు. జబ్బు సెలవు, ప్రసవ సెలవు, చదువుకోవడానికి సమయం రాతపూర్వకంగా ఉంటాయి. కానీ పూట ముగిసినంత మాత్రాన ఉత్తరాలు ముగియవు. మూడున్నర రోజుల జీతానికి ఐదు రోజుల పని చేస్తున్న డాక్టర్లు కొల్లలు. అపాయింట్‌మెంట్ పది నిమిషాలా, పదిహేనా అన్నది కూడా వారి చేతిలో ఉండదు. మధుమేహం, కీళ్లనొప్పులు, దిగులు మూడూ ఉన్న ముసలావిడకు ఇరవై నిమిషాలు కావాలని ఆమెను పదేళ్లుగా చూస్తున్న డాక్టరుకు తెలుసు; ఆ ఇరవై నిమిషాలను పట్టికలో పెట్టించగల అధికారం మాత్రం వాటా ఉన్నవారిది. సొంత ప్రాక్టీసు కావాలనుకునేవారిని అడిగితే ఎక్కువమంది డబ్బు మాట చెప్పరు, ఈ మాటే చెబుతారు. బ్రిటన్ కుటుంబ వైద్యుల్లో ఇప్పుడు సగానికి పైగా మహిళలు. జీతపు ఉద్యోగాలు పెరగడానికి అదే కారణమని తేల్చేసేవారు కూడా ఉన్నారు. ఇంట్లో ఇంకొక మనిషి జీతం లేకుండా ఫోన్ ఎత్తుతుందన్న లెక్క మీద కట్టిన వ్యవస్థ, ఆ ఇంకొక మనిషే డాక్టరయ్యేసరికి నిలబడలేకపోయిందని చెప్పడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

ఈ కథలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. 1960, 70 దశకాల్లో విశాఖపట్నం, గుంటూరు, కర్నూలు, హైదరాబాదు వైద్య కళాశాలల నుంచి వెళ్లిన డాక్టర్లు, భారత ఉపఖండం నుంచి వచ్చిన మిగిలినవారి లాగానే, సర్జన్లు కావాలనో గుండె వైద్య నిపుణులు కావాలనో ఓడ, విమానం ఎక్కారు. ఆసుపత్రుల్లో కింది మెట్ల మీదే ఏళ్లు గడిచాయి. పై ఉద్యోగాలు స్థానికులకు పోయాయి. అప్పుడు వారు కుటుంబ వైద్యం వైపు తిరిగారు. అక్కడ కూడా దొరికినవి స్థానిక డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని చోట్లు: దక్షిణ వేల్స్ గని లోయలు, ఉత్తర ఇంగ్లండ్ మిల్లు పట్టణాలు, పెద్ద నగరాల్లోని పేదవాడలు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువగా దొరుకుతుందన్న సూత్రాన్ని 1971లో రాసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ కూడా అలాంటి ఒక గని ఊరు, గ్లిన్‌కోరుగ్‌లోనే కుటుంబ వైద్యుడు. మన డాక్టర్లకు ఆ ఊళ్లలో సొంత ప్రాక్టీసు అంటే వ్యాపారం కంటే ముందు ఒక విముక్తి. పదోన్నతి కోసం ఎవరి దయకూ ఎదురుచూడనవసరం లేని చోటు. తలుపు మీద తమ పేరు, కొన్నిచోట్ల భార్యాభర్తలిద్దరి పేర్లు, ఆ పేరును తమ యాసలో పలికే వేల్స్ అవ్వలు. ఆ తరం వాటాను ఎందుకంత గట్టిగా పట్టుకుందో జీతం లెక్కలతో అర్థం కాదు.

ఇప్పటి తరం సంగతి సరిగ్గా దీనికి ఎదురు. 1975లో భారతీయ పట్టాలకు నేరుగా ఇచ్చే గుర్తింపును బ్రిటన్ ఎత్తివేసిన తరువాత పరీక్ష రాసి వెళ్లడం మొదలైంది. ఇటీవలి ఏళ్లలో కుటుంబ వైద్య శిక్షణలో చేరుతున్నవారిలో విదేశీ పట్టభద్రుల వాటా బాగా పెద్దది, వారిలో మనవారు చెప్పుకోదగినంత మంది. ఈ శిక్షణ మూడేళ్లు. శాశ్వత నివాసానికి ఐదేళ్లు ఉండాలన్నది వారు అక్కడ అడుగుపెట్టినప్పటి నిబంధన. శిక్షణ తరువాత మిగిలిన రెండేళ్లు నైపుణ్య వీసా మీద గడవాలి. ఆ వీసాకు స్పాన్సర్ చేసే లైసెన్సు ఉన్న ప్రాక్టీసులో ఉద్యోగం కావాలి. వాటాదారుగా మారడం ఆ వీసా షరతులకు సాధారణంగా పొసగదు. కాబట్టి ఆ రెండేళ్లూ వారు జీతానికే పనిచేస్తారు, లెక్కల్లో జీతం ఎంచుకున్నవారిగా నమోదవుతారు. గుంటూరులో నాన్నగారి క్లినిక్ చూస్తూ పెరిగి, సొంత ప్రాక్టీసు తప్ప ఇంకేదీ ఊహించుకోని అమ్మాయి కూడా ఆ పట్టికలో జీతం గడిలోనే కనబడుతుంది. అది ఆమె ఇష్టం కాదు, ఆమె పాస్‌పోర్టు మీది ముద్ర.

దీనికి తోడు కొత్త చిక్కు ఒకటి. ఒకవైపు డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకడం లేదని ప్రజలు గోల పెడుతుంటే, ఇంకొకవైపు శిక్షణ ముగించిన జీపీలకు జీతపు ఉద్యోగాలు దొరకడం లేదు. 2019 నుంచి ప్రాక్టీసులకు అదనంగా ఇచ్చిన సిబ్బంది నిధిని ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టుల వంటివారికే వాడాలన్నారు, డాక్టర్లకు వాడటానికి వీల్లేదన్నారు. ప్రాక్టీసులు సహజంగానే ఉచితంగా వచ్చేవారిని తీసుకున్నాయి. 2024 అక్టోబరులో ఆ నిధిని కొత్త జీపీలకూ తెరిచారు.

మరి అందరినీ జీతం మీదికి తీసుకోవడమే మందా? 2023 జనవరిలో, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు, లేబర్ పార్టీ నేత వెస్ స్ట్రీటింగ్ దాదాపు ఆ దిశగానే మాట్లాడారు. 2024లో ఆరోగ్య మంత్రి అయ్యాక స్వరం మారింది; 2025 జులైలో వచ్చిన పదేళ్ల ప్రణాళిక, పార్ట్‌నర్ల పద్ధతి బాగా నడుస్తున్న చోట దాన్ని కొనసాగించాలని, పక్కనే 50 వేల జనాభాకు ఒకటి, రెండున్నర లక్షలకు పైబడి ఒకటి చొప్పున కొత్త రకం కాంట్రాక్టులు తేవాలని చెప్పింది. మంత్రులు వెనకాడటానికి ఖర్చు ఒక కారణమని నేను అనుకుంటున్నాను. సాయంత్రం ఆరున్నర తరువాతి ఆ దొంతరకు ఇప్పుడు విడిగా జీతం లేదు. పార్ట్‌నర్ ఉద్యోగి అయిన మర్నాడు దానికి ఒక మేనేజరును పెట్టాలి, భవనాలు కొనాలి, లీజులు తలకెత్తుకోవాలి. స్కాట్లాండ్, వేల్స్‌లలో పార్ట్‌నర్లు వదిలేసిన ప్రాక్టీసులను ఆరోగ్య బోర్డులు జీతపు డాక్టర్లతో నడుపుతున్నాయి. తలుపులు మూతపడకుండా ఆపినందుకు వాటిని మెచ్చుకోవాలి. కానీ చాలా చోట్ల జీతానికి కూడా స్థిరంగా ఎవరూ కుదరక, రోజుకూలి మీద వచ్చే లోకమ్ డాక్టర్లతో నెట్టుకొస్తున్నారు.

రోగి వైపు నుంచి చూస్తే అసలు నష్టం అక్కడే. నార్వేలో 45 లక్షల మంది రికార్డుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, ఒకే కుటుంబ వైద్యుడి దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిలో, ఏడాది లోపు ఉన్నవారితో పోలిస్తే, అత్యవసర ఆసుపత్రి చేరికలు 28 శాతం, మరణాలు 25 శాతం తక్కువగా కనిపించాయి. ఇలాంటి అధ్యయనం కారణాన్ని నిరూపించదు, కానీ సంబంధం బలమైనది. రోగికి కావలసినది డాక్టరు వాటాదారు కావడమా, జీతగాడు కావడమా అన్నది కాదు. వచ్చే ఏడాది, ఆ పై ఏడాది కూడా అదే గదిలో ఉండటం. ఇన్నేళ్లూ వాటా పని చేసింది అందుకే: అప్పూ లీజూ డాక్టరును ఊరికి కట్టేశాయి. అవే ఇప్పుడు ఆయన్ను ఊరి దరిదాపులకు రానివ్వడం లేదు.

ఈ ముడిని విప్పడానికి రెండు ప్రయత్నాలు గమనించదగ్గవి. డాక్టర్ నైజెల్ వాట్సన్ అధ్యక్షతన జరిగిన సమీక్ష 2019 జనవరిలో, పార్ట్‌నర్ల పద్ధతిని నిలబెడుతూనే వారి వ్యక్తిగత బాధ్యతకు హద్దు గీయాలని సిఫారసు చేసింది. తరువాత ఇంగ్లండ్‌లో కొత్తగా వాటా తీసుకునేవారికి 20 వేల పౌండ్ల వరకు ప్రోత్సాహకం ఇచ్చారు. హద్దు మాత్రం గీయలేదు. స్కాట్లాండ్ 2018 కాంట్రాక్టుతో ఇంకొక దారి పట్టింది. సొంత భవనాలున్న డాక్టర్లకు వడ్డీలేని అప్పులిచ్చి వారి పెట్టుబడిని తగ్గించడం, లీజులను క్రమంగా ఆరోగ్య బోర్డుల పేరిట మార్చడం ఆ పథకం. నిధుల కొరతతో అది అనుకున్నంత వేగంగా సాగలేదు. అయినా దిశ అదే సరైనదని నేను అనుకుంటున్నాను, ఎందుకంటే అది భవనాన్ని డాక్టరు నుంచి విడదీస్తుంది, రోగిని విడదీయదు.

ఐదేళ్లు పూర్తయి, శాశ్వత నివాసం చేతికొచ్చిన తెలుగు జీపీకి పనిచేస్తున్న చోటే వాటా ఇస్తామన్న మాట వస్తే, అనుభవజ్ఞులైన అకౌంటెంట్లు, లాయర్లు ఆమె ముందు పెట్టే మొదటి ప్రశ్నలు లాభం గురించి ఉండవు. లీజు ఎవరి పేరున ఉంది, ఇంకా ఎన్నేళ్లు ఉంది, మధ్యలో తెంచుకునే నిబంధన ఉందా, మిగిలిన పార్ట్‌నర్ల వయసెంత అని అడుగుతారు. ఆ నాలుగు జవాబులను బట్టే ఆమె సంతకం చేస్తుంది, లేదా జీతంలోనే ఉండిపోతుంది.